హెల్త్ బ్యాండ్ టీవీ స్టాండు మీద పడి ఉండకూడదంటే: వాడేవాళ్ళతో కూర్చుని డిజైన్ చేసేది ఎట్లా

తిరుపతి చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలకి కొదవ లేదు, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల టైం వచ్చిందంటే ప్రతి కాలేజీలో ఒక టీమ్ అయినా 'స్మార్ట్ హెల్త్ బ్యాండ్' చేస్తామని బయల్దేరుతుంది. ఒక ఈఎస్‌పీ32 బోర్డు, వెలుతురుతో నాడి చూసే ఒక మ్యాక్స్30102 సెన్సరు, చిన్న ఓఎల్ఈడీ స్క్రీను, వెల్క్రో పట్టీ, అయిపాయె. వైవా రోజు ఎగ్జామినరు వేలు పెడితే నాడి 78 అని చూపిస్తుంది, మార్కులు పడతాయి. కొంచెం ఉత్సాహం ఉన్న టీమ్‌లు ఇంకో అడుగు ముందుకేసి ఏదో ఒక ఊరికి పోయి నలుగురు పెద్దవాళ్ళ చేతికి కట్టి ఫోటోలు దిగి వస్తారు, నెల తిరిగి పోయి చూస్తే ఆ బ్యాండ్లు టీవీ స్టాండు మీద పాత రిమోట్ల పక్కన దుమ్ము పట్టి ఉంటాయి, చార్జింగ్ వైరు ఎలుక కొరికేసి ఉంటుంది.

ఆ బ్యాండ్ సస్టైనబుల్‌గా, అంటే పర్యావరణానికి భారం కాకుండా ఉండాలి అనగానే పిల్లోళ్ళు వెదురు కేసు అంటారు, లేదంటే సోలార్ చార్జింగ్ అంటారు. ఒకసారి లెక్క వేసి చూడండి. 200 ఎంఏహెచ్ బ్యాటరీ, 3.7 వోల్టులు, అంటే 0.74 వాట్ అవర్. వారానికి ఒకసారి చార్జ్ పెడితే ఏడాదికి 52 సార్లు, మొత్తం కలిపి 38 వాట్ అవర్లు, చార్జర్లో వృథాగా పోయేది వేసుకున్నా ఒక యూనిట్ కరెంటులో పదో వంతు కూడా కాదు. దానికి సోలార్ ప్యానెల్ అతికిస్తే ఆ ప్యానెల్ తయారీకి పట్టే కరెంటే అంతకన్నా ఎన్నో రెట్లు జాస్తి. ఇట్లాంటి చిన్న వస్తువుల్లో భారమంతా తయారీలోనే ఉంటుంది, చిప్పులు, వాటిని అతికించే పీసీబీ పలక, బ్యాటరీ, అవి మన దాకా రావడానికి అయ్యే రవాణా. కాబట్టి మూడు నెలలు వాడి పారేసే వెదురు బ్యాండ్ కన్నా అయిదేళ్ళు చేతికి ఉండే మామూలు ప్లాస్టిక్ బ్యాండే నయం. మరి అయిదేళ్ళు ఎందుకు ఉంటుంది, మూడు నెలలకే ఎందుకు తీసేస్తారు అనేది మన ల్యాబులో కూర్చుంటే తెలియదు, దాన్ని కట్టుకునేవాళ్ళ దగ్గరే తెలుస్తుంది. నేను చెప్పే పద్ధతి మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ మనిషి దీన్ని ఎప్పుడు, ఎందుకు తీసేస్తాడు?

ముందు మనుషుల్ని పట్టుకోండి, సెన్సరు తర్వాత

'సీనియర్ సిటిజన్లు' అని రాసుకుంటే పని జరగదు, అందులో రిటైర్డ్ హెడ్మాస్టరూ ఉంటాడు, పొద్దున నాలుగింటికి లేచి పాలు పిండే అవ్వా ఉంటుంది, వాళ్ళిద్దరి చేతులకీ పోలికే లేదు. ఒక్క పని చేసుకునే ఒక్క గుంపును పట్టుకోండి. మన వైపు చెప్పాలంటే పాల సెంటర్లకి పాలు పోసే ఆడవాళ్ళు, ఆటో డ్రైవర్లు, మునిసిపాలిటీ పారిశుధ్య కార్మికులు, మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు, బీపీ షుగర్ ఉండి కూడా మొక్కు ఉంది కాబట్టి అలిపిరి నుంచి నడిచే ఎక్కుతామనే భక్తులు. గుంపు మారితే వస్తువే మారిపోతుంది. మెట్లెక్కే భక్తుల సంగతే తీసుకోండి. అలిపిరి దారి 3550 మెట్లు, శ్రీవారి మెట్టు దారి 2388 మెట్లు, ఆ కొన్ని గంటలే వాళ్ళకి గుండె ఎంత కొట్టుకుంటోంది అనేది కావాలి, దర్శనానికి పోయేటప్పుడు ఎట్లాగూ సెల్‌ఫోన్లూ ఎలక్ట్రానిక్ సామాన్లూ డిపాజిట్ చేయాల్సిందే. అట్లాంటి చోట మనిషికో బ్యాండ్ అమ్మడం దండగ. కింద ఇచ్చి పైన వెనక్కి తీసుకునే బ్యాండ్ కావాలి, అంటే ఉతకగలిగే పట్టీ, శానిటైజర్‌తో తుడిస్తే పాడవని కేసు, సైజు చూసుకోకుండా ఎవరికైనా సరిపోయే బిగింపు. ఒకే బ్యాండ్ వందల చేతులు తిరుగుతుంది. ఈ ఆలోచన వచ్చిందంటే సస్టైనబిలిటీ సగం అక్కడే తేలిపోయినట్టు.

ఇక్కడ నుంచి ఉదాహరణకి పాలు పోసే ఆడవాళ్ళనే తీసుకుంటా, ఎందుకంటే బ్యాండుకి అంతకన్నా కష్టమైన పరీక్ష ఇంకోటి లేదు. నీళ్ళు, పేడ, ఎండ, గాజులు, ఫోన్ కొడుకు దగ్గర. వీళ్ళ దగ్గర నిలబడితే ఎక్కడైనా నిలబడుతుంది.

వాళ్ళని కలవడానికి పోయే టైం ముఖ్యం. పాల సెంటర్ దగ్గర పాలు పోయకముందు మాట్లాడితే ఎవ్వరూ వినరు, క్యాన్ల మీద, ఫ్యాట్ రీడింగ్ మీదే ధ్యాస ఉంటుంది. పాలు పోసి స్లిప్పు తీసుకున్నాక పది నిమిషాలు నిలబడి మాట్లాడుకుంటారు చూడండి, అది మీ టైం. ఇంకా మంచిది పొదుపు సంఘం మీటింగు రోజు. ఆశా వర్కర్‌ని తోడు తీసుకుపోండి, కానీ ఆమె పక్కన కూర్చుని ఉంటే అందరూ మాత్రలు సరిగ్గా మింగుతున్నామనే చెప్తారు, కాబట్టి పరిచయం అయినాక ఆమెని పంపించేయండి, మర్యాదగానే. భాష కూడా చూసుకోండి. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో అరవం మాట్లాడేవాళ్ళు చాలామంది, కుప్పం వైపు పోతే కన్నడం, అరవం రెండూ కలుస్తాయి. తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు చెప్తారు గానీ ఒంటి నొప్పుల గురించి మనసులో మాట ఇంటి భాషలోనే వస్తుంది.

డబ్బు సంగతి సిగ్గుపడకుండా ముందే తేల్చండి. మీరు ఒక పూట కూర్చోబెడితే ఆమెకి ఒక పూట కూలి పోయినట్టే. టీ, బిస్కెట్లు దానికి సాటి రావు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో ఇచ్చిన ఎథిక్స్ మార్గదర్శకాల్లోనే పాల్గొన్నవాళ్ళకి పోయిన టైముకి, పడిన ఇబ్బందికి డబ్బు ఇవ్వొచ్చని ఉంది. ఆ ఊళ్ళో కూలి రేటు ఎంతో కనుక్కుని అంత ఇచ్చేయండి. ప్రాజెక్టు బడ్జెట్‌లో సెన్సర్ల కన్నా ఈ ఖర్చే జాస్తి రావాలి, రాకపోతే మీరు మనుషులతో సరిపోయినంత టైం గడపలేదని అర్థం.

ఎలక్ట్రానిక్స్ లేని బ్యాండ్

మొదటి ప్రోటోటైపులో ఒక్క వైరు కూడా ఉండకూడదు. త్రీడీ ప్రింటర్ ఉంటే దాంతో, లేకపోతే చెక్క ముక్కతో, మీరు అనుకున్న సైజులో అంతే బరువుతో ఒక ఉత్త డబ్బా చేయండి. లోపల ఇనుప వాషర్లు వేస్తే బరువు కలుస్తుంది. మూడు నాలుగు రకాల పట్టీలు తీసుకుపోండి: సిలికాన్, వెల్క్రో, కాటన్ నాడా, ఊరికే నల్ల దారం. వారం పాటు వాళ్ళ దగ్గరే వదిలేయండి. ఎట్లా కట్టుకోవాలో చెప్పొద్దు.

'బాగుందా?' అని మాత్రం అడగొద్దు. ఇంటికొచ్చిన పిల్లోళ్ళని నొప్పించడం ఎందుకని "బాగుండాది నాయినా" అనే అంటారు, మీరు దాన్ని రిపోర్టులో రాసుకుంటారు, ఇద్దరికీ నష్టం. తీసిన ప్రతిసారీ ఒక గుర్తు పెట్టమనండి. రాయడం రానివాళ్ళకి గోడ క్యాలెండరు చాలు, ఆ రోజు గడిలో ఒక గీత. ఇంట్లో వాట్సాప్ ఉంటే వాయిస్ మెసేజ్ ఇంకా మేలు, 'ఇప్పుడు తీసినా, గొడ్లు కడగాల' అని అయిదు సెకన్లలో చెప్పేస్తారు, ఆ అయిదు సెకన్ల వెనక ఆవు అరుపు, మోటారు చప్పుడు, అన్నీ వినిపిస్తాయి, మీకు సందర్భం మొత్తం ఉచితంగా వచ్చినట్టు.

చంద్రగిరి పక్కన ఒక ఊళ్ళో అట్లా ఉత్త డబ్బా ఇస్తే ఒకామె చేసింది చెప్తా. చేతికి ఇంత మందాన గాజులు ఉన్నాయి, మణికట్టు దగ్గర జాగానే లేదు. మేము ఇచ్చిన సిలికాన్ పట్టీ ఒకసారి చుట్టి చూసింది, గాజులు డబ్బాకి తగిలి టక్కుటక్కుమన్నాయి, తీసి పక్కన పెట్టింది. నల్ల దారం తీసుకుని డబ్బాకి ఉన్న రెండు బెజ్జాల్లోంచి దూర్చి, జబ్బకి రెండు చుట్లు తిప్పి, ఒక కొస పంటితో పట్టుకుని ఇంకో చేత్తో ముడి బిగించేసింది. జాకెట్టు చెయ్యి దాని మీదకి లాగింది. "గాజులు తీయమంటే ఎట్లా అవతాది నాయినా. ఇట్లయితే తాయత్తు మాదిరి ఉంటాది, ఎవురూ ఏందని అడగరు" అంది. ఎవరూ అడగరు అనేదాన్ని పట్టుకోండి. మణికట్టు మీద మెరిసే వస్తువు ఉంటే ఊళ్ళో ప్రతి ఒక్కరూ 'నీకేం జబ్బు' అని అడుగుతారు, పెళ్ళికావాల్సిన కూతురు ఇంట్లో ఉంటే ఆ ప్రశ్న ఇంకా బరువు.

టెక్నికల్‌గా కూడా ఆమె చేసిందే కరెక్టు. మణికట్టులో ఎముకలు, నరాలు జాస్తి, కండ తక్కువ, పాలు పిండేటప్పుడు వేళ్ళు ఆడే కొద్దీ అక్కడ చర్మం కింద అంతా కదులుతుంది, వెలుతురుతో నాడి చూసే సెన్సరుకి ఆ కదలికంతా తప్పుడు సిగ్నల్. జబ్బ దగ్గర కండ మెత్తగా ఉంటుంది, కదలిక తక్కువ, అందుకే ఆటగాళ్ళు వాడే ఆప్టికల్ హార్ట్ రేట్ పట్టీల్లో చేతి పైభాగానికి కట్టేవి ఉంటాయి. కానీ జబ్బకి కట్టాలంటే మందం తగ్గించాలి, జాకెట్టు చెయ్యి బిగుతుగా ఉంటుంది కాబట్టి మందంగా ఉంటే అచ్చు పడుతుంది, అంచులు గుండ్రంగా ఉండాలి. స్క్రీను అక్కడ పనికిరాదు, ఎట్లాగూ కనపడదు. స్క్రీను తీసేస్తే కరెంటు మిగులుతుంది, పగిలే గాజు ఒకటి తగ్గుతుంది. ఒక్క ముడితో ఎన్ని సమస్యలు తీరాయో చూడండి.

మన వాళ్ళు ఒంటి మీద ఇప్పటికే ఏమేం కట్టుకుంటున్నారో ఒక లిస్టు రాసుకోండి: తాయత్తు, మొలతాడు, కాలి పట్టీలు, మెట్టెలు, మెడలో గొలుసుకి వేలాడే పిన్నీసులు, మగవాళ్ళ చేతికి కాశీ దారం. ఇవన్నీ స్నానానికి కూడా తీయనివి. కొత్తగా అలవాటు చేయాల్సిన చోటు కన్నా తీయని వస్తువు పక్కన చేరడం సులువు. అయితే తాళి గొలుసు జోలికి పోవద్దు, అందులో చార్జింగ్ పెట్టే వస్తువు కలపమంటే ఎవ్వరూ ఒప్పుకోరు, అడిగినందుకే ముఖం మాడ్చుకుంటారు.

ఏం కొలవాలి, ఏం కొలవలేమని చెప్పాలి

రెండో సారి కలిసినప్పుడు కచ్చితంగా అడిగేది ఇదే: షుగర్ చూపిస్తుందా? చూపించదు అని సూటిగా చెప్పండి. సూది గుచ్చకుండా వాచీతోనో ఉంగరంతోనో షుగర్ చూసే వస్తువు వేటికీ తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని నమ్మొద్దని అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. నిజంగా షుగర్ చూసే ప్యాచీలు ఉన్నాయి, వాటికి చర్మం కిందికి పోయే సన్నని తీగ ఉంటుంది, ఫ్రీస్టైల్ లిబ్రె లాంటివి 14 రోజులకి తీసి పారేయాల్సిందే, అంటే ఏడాదికి 26, ఖర్చు పక్కన పెట్టినా చెత్త ఎంతో మీరే చూసుకోండి. బీపీ కూడా అంతే. పట్టీ బిగించకుండా బీపీ చూపించే వాచీలని వైద్యానికి వాడొద్దని యూరోపియన్ హైపర్‌టెన్షన్ సొసైటీ 2023 గైడ్‌లైన్స్‌లో చెప్పింది. బీపీనే కావాలంటే జబ్బకి గాలి పట్టీ కట్టే మామూలు మెషిన్ సంఘానికి ఒకటి కొనిపెట్టి ఎట్లా చూసుకోవాలో నేర్పించండి, పదిహేను ఇళ్ళకి సరిపోతుంది. మీ ప్రాజెక్టు అక్కడితో ఆగిపోయినా తప్పేం లేదు, చేయకుండా ఉన్న బ్యాండ్ కన్నా పర్యావరణానికి మేలైన బ్యాండ్ లేదు.

కొలవగలిగేవి ఏంటంటే నాడి వేగం, కదలిక, పడిపోవడం, నిద్ర ఒక మాదిరిగా, చర్మం వేడి. నాడి చూడ్డంలో మన వైపు రెండు చిక్కులు. ఒకటి చర్మం రంగు. బ్యాండ్లలో వాడే ఆకుపచ్చ వెలుతురుని చర్మానికి రంగునిచ్చే మెలనిన్ బాగా మింగేస్తుంది, ఎండలో పనిచేసి నల్లబడిన చేతికి సిగ్నల్ తక్కువ వస్తుంది. వేలికి పెట్టే ఆక్సీమీటర్లతో కూడా ఈ గొడవ ఉంది, నల్లజాతి పేషెంట్లలో ఆక్సిజన్ పడిపోయినా మెషిన్ పట్టుకోలేకపోవడం తెల్లవాళ్ళతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఉందని 2020 డిసెంబరులో అమెరికాలోని ఒక అధ్యయనం చూపించింది. కాబట్టి మీ ఏసీ ల్యాబులో మీ స్నేహితుల చేతికి కట్టి కరెక్టుగా వచ్చింది అనుకోవద్దు, ఎల్ఈడీ కరెంటు చర్మాన్ని బట్టి తనే పెంచుకునేలా ప్రోగ్రాం రాయండి. రెండోది పచ్చబొట్టు. మన పాతకాలం ఆడవాళ్ళ ముంజేతుల మీద ముగ్గులూ పేర్లూ ఉంటాయి, ఆ సిరా మీద సెన్సరు పెడితే వెలుతురు లోపలికి పోదు. జబ్బకి కట్టడానికి ఇది ఇంకో కారణం. అట్లాగే మ్యాక్స్30102 కొనేసి మణికట్టు మీద రావడం లేదని తలపట్టుకునేవాళ్ళకి ఒక మాట, అందులో ఉండేవి ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు, వేలి కొసకి బాగుంటుంది, కదిలే చేతికి ఆకుపచ్చ ఎల్ఈడీ ఉన్న సెన్సరు తీసుకోండి.

ప్రతి అలర్టుకీ ముందు ఒక ప్రశ్న వేయండి: ఇది వణికితే నువ్వేం చేస్తావమ్మా? 'కూర్చుని నీళ్ళు తాగుతా' అంటే ఆ అలర్టు ఉండాలి. 'భయపడతా' అంటే తీసేయండి. నంబర్లు చూపించడం కూడా ఇట్లాంటిదే, 98 అని కనపడితే కొందరు బీపీ అనుకుంటారు, కొందరు జ్వరం అనుకుంటారు, పక్కింటామెకి 72 వచ్చిందని తనకేదో అయిపోయిందని రాత్రంతా నిద్రపోనివాళ్ళూ ఉంటారు.

బ్యాటరీ దగ్గర మొదలై సెల్ షాపు దాకా

లిథియం బ్యాటరీ 300 నుంచి 500 సార్లు చార్జ్ చేశాక బలం తగ్గిపోతుంది. రోజూ చార్జ్ చేయాల్సిన బ్యాండ్ ఏడాదిన్నర లోపే ముసలిదైపోతుంది, వారానికోసారి అయితే ఆ లెక్క ప్రకారం అయిదేళ్ళు దాటాలి. అంటే కరెంటు తక్కువ తాగడమే దాని ఆయుష్షు. వైఫై ఆన్‌లో ఉన్న ఈఎస్‌పీ32 వంద మిల్లీయాంప్‌ల దాకా తాగుతుంది, 200 ఎంఏహెచ్ బ్యాటరీ రెండు గంటల్లో ఖాళీ. సగటు ఒక మిల్లీయాంప్‌కి దించితే అదే బ్యాటరీ ఎనిమిది రోజులు వస్తుంది. తక్కువ కరెంటుతో నడిచే 'బ్లూటూత్ లో-ఎనర్జీ' (బీఎల్ఈ) చిప్పులు వాడండి, పది నిమిషాలకొకసారి ముప్పై సెకన్లు కొలిచి మిగతా టైం నిద్రపుచ్చండి. నిమిషం నిమిషం నాడి ఎవరికి కావాలి, డాక్టరు కూడా చూడడు.

చార్జింగ్ దగ్గర ఒక ప్రమాదం ఉంది, ఇది జాగ్రత్తగా చదవండి. బజార్లో దొరికే టీపీ4056 చార్జింగ్ మాడ్యూల్ మీద 1.2 కిలో ఓమ్ రెసిస్టర్ వేసి వస్తుంది, అంటే ఒక యాంప్ కరెంటుతో చార్జ్ చేస్తుంది. అది పెద్ద బ్యాటరీలకి సరే, మీ 200 ఎంఏహెచ్ చిన్న సెల్లుకి అయిదు రెట్లు జాస్తి, ఉబ్బిపోతుంది, ఒంటికి కట్టుకునే వస్తువు అది. ఆ రెసిస్టర్ పీకేసి 10 కిలో ఓమ్ వేస్తే దాదాపు 130 మిల్లీయాంప్‌లకి దిగుతుంది. ఇంకోటి, ఈ బ్యాటరీలని 45 డిగ్రీలు దాటితే చార్జ్ చేయకూడదు, మన ఎండాకాలంలో రేకుల ఇంట్లో మధ్యాహ్నం కిటికీ పక్కన పెడితే ఆ వేడి సులువుగా దాటుతుంది. వేడి చూసి చార్జింగ్ ఆపే సర్క్యూట్ పెట్టండి, రాత్రి పడుకునేటప్పుడు చార్జ్ పెట్టమని చెప్పండి. బటన్ సెల్ వాడదాం చార్జింగే ఉండదు అనుకుంటే దాని మూత స్క్రూతో బిగించాలి, చిన్న పిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు.

చార్జర్ పిన్ను ఆ ఇంట్లో ఇప్పటికే ఉన్నదే అయి ఉండాలి. అయస్కాంతంతో అంటుకునే స్పెషల్ చార్జర్ పోయిందంటే బ్యాండ్ కూడా పోయినట్టే. టైప్ సీ పెడితే, వస్తువు తగిలించారని చార్జర్‌కి తెలిపే సీసీ పిన్నులు రెండిటికీ 5.1 కిలో ఓమ్ రెసిస్టర్లు మర్చిపోవద్దు, అవి లేకపోతే రెండు వైపులా టైప్ సీ ఉన్న వైరుతో అసలు చార్జే ఎక్కదు, వాళ్ళు బ్యాండ్ చెడిపోయిందనుకుని మూల పడేస్తారు.

పట్టీ సంగతి. సిలికాన్ కింద చెమట ఆగి ఎర్రగా దద్దుర్లు వస్తాయి, చాలామంది తీసేసేది అందుకే. కాటన్ నాడా అయితే గాలి ఆడుతుంది, రెండు ఉంటే ఒకటి ఉతికి ఆరేసుకుంటారు, చిరిగితే ఊళ్ళో టైలరే టిచ్ బటన్లు వేసి కొత్తది కుట్టిస్తాడు. నగరి, పుత్తూరు వైపు మరమగ్గాలు ఉన్నాయి, బట్టకి కరువు లేదు. శ్రీకాళహస్తి కలంకారీ పట్టీ వేస్తే జ్యూరీ మురిసిపోతుంది, నిజమే, కానీ రోజూ చెమట, సబ్బు తగిలే చోట రంగు దిగుతుందేమో ఉతికి చూసి ఆ తర్వాత మాట్లాడండి. చర్మానికి తగిలే బకిల్ నికెల్ పూత లేనిదై ఉండాలి, నికెల్ పడనివాళ్ళు చాలామంది ఉంటారు, చవక చెవి కమ్మలు పెట్టుకుంటే నీకు దురద వస్తుందా అని అడిగితే తెలిసిపోతుంది.

కేసుని జిగురుతో మూసేయొద్దు. నాలుగు మామూలు స్టార్ స్క్రూలు, మధ్యలో రబ్బరు రింగు, బ్యాటరీకి టంకం వేయకుండా కనెక్టర్. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి చిన్న వస్తువుల బ్యాటరీలు చాలావరకు వాడేవాళ్ళే తీసి మార్చుకునేలా ఉండాలని చట్టమే వస్తోంది. మనకి అట్లా చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. పరీక్ష ఎట్లా అంటే, బస్టాండు దగ్గర ఏదో ఒక సెల్ రిపేరు షాపుకి పోండి, అక్కడి అబ్బాయికి బ్యాండ్ చేతిలో పెట్టి 'అన్నా, దీనికి బ్యాటరీ మార్చాలి' అని మాత్రం చెప్పి నోరు మూసుకుని చూడండి. ఎక్కడ గోరు పెట్టి తెరవబోతాడో, ఏ వైరు తెగుతుందో, ఏ స్క్రూ కింద పడి పోతుందో అంతా రాసుకోండి. ఏ ప్రొఫెసరూ ఇవ్వని డిజైన్ రివ్యూ అది, అతనికి కూడా పని డబ్బులు ఇచ్చేయండి.

ఫోన్ ఎవరిది, సమాచారం ఎవరిది

దాదాపు అన్ని బ్యాండ్లూ స్మార్ట్‌ఫోన్ ఉంటుందనే నమ్మకంతో చేస్తారు. పాలు పోసే అమ్మ దగ్గర ఉండేది బటన్ ఫోను, స్మార్ట్‌ఫోను కొడుకుది, అతను సోమవారం పొద్దున బెంగళూరు బస్సెక్కితే బ్యాండ్ సమాచారం కూడా బస్సెక్కుతుంది. బ్యాండ్‌లోనే కొన్ని వారాల రీడింగులు దాచుకునేలా చేయండి, ఫోన్ లేకపోయినా వణుకు, లైటు పనిచేయాలి. యాప్ వెనక సర్వరు ఆగిపోతే బ్యాండ్ చచ్చిపోకూడదు, నేను చూస్తుండగానే ఒక కంపెనీ బ్యాండ్లు యాప్ మూసేశాక మంచి బ్యాటరీతో, మంచి సెన్సరుతో పనికిరాకుండా పోయాయి.

ఎవరు చూడొచ్చు అనేది ఒక్కొక్కరిని విడిగా అడగండి, భర్త ముందరో అత్త ముందరో అడిగితే ఒకే జవాబు వస్తుంది. 'కోడలికి తెలియకూడదు', 'డాక్టరుకి మాత్రమే', 'నా కూతురికి పంపండి, కొడుక్కి వద్దు', ఇట్లా రకరకాలుగా ఉంటాయి, అవన్నీ పట్టే సెట్టింగు కావాలి. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం ఒప్పుకోలు అడిగే నోటీసు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో ఉన్న భాషల్లో కూడా దొరకాలి, అంటే తెలుగూ తమిళమూ రెండూ. చదివి వినిపించిన రికార్డింగ్ ఉంటే ఇంకా మంచిది.

రూల్స్ గురించి క్లుప్తంగా: జబ్బు కనిపెడుతుంది, వైద్యానికి పనికొస్తుంది అని మీరు రాసిన క్షణం అది మెడికల్ డివైస్ అవుతుంది, 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ కిందికి వస్తుంది, సాఫ్ట్‌వేర్ కూడా అంతే. మనుషుల మీద టెస్ట్ చేసే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి, మన ఊళ్ళో మెడికల్ కాలేజీలు ఉన్నాయి కాబట్టి అక్కడి డాక్టరు ఒకరిని మొదట్నుంచీ టీమ్‌లో కలుపుకుంటే పని సులువు. ప్రాజెక్టు అయిపోయాక సంతకానికి పరిగెత్తితే కుదరదు.

వదిలి వచ్చే ముందు

బ్యాండ్లు ఇచ్చేటప్పుడే వెనక్కి ఎట్లా వస్తాయో తేల్చుకోండి. కొంచెం డిపాజిట్ తీసుకుని పాడైన బ్యాండ్ తెచ్చిస్తే తిరిగి ఇచ్చేయండి, లేకపోతే అది పాత ఇనుప సామాన్ల బండికి పోతుంది, అక్కడ నుంచి ఎక్కడ కాలుస్తారో ఎవరికీ తెలియదు. 2022 ఈ-వేస్ట్ రూల్స్, అదే ఏడాది వచ్చిన బ్యాటరీ వేస్ట్ రూల్స్ ప్రకారం తయారు చేసి అమ్మేవాళ్ళదే ఆ బాధ్యత. స్టూడెంట్ ప్రాజెక్టుకి అవి వర్తించినా వర్తించకపోయినా పాత బ్యాటరీలు పోగుచేసి రిజిస్టర్ అయిన రీసైక్లర్‌కే ఇవ్వండి. ఉబ్బిన బ్యాటరీ కనపడితే గుచ్చొద్దు, నొక్కొద్దు, ఇసుక పోసిన బకెట్‌లో ఆరుబయట పెట్టమని ఊళ్ళో అందరికీ చేసి చూపించండి.

మీరు పాసైపోతారు, ఉద్యోగాలకి పోతారు, తర్వాత బ్యాచ్ మీ పనిని కొనసాగించాలని ఏమీ లేదు. అందుకే పాల సెంటర్‌లో ఒక చిన్న డబ్బా వదిలిపెట్టండి: అదే సైజు బ్యాటరీలు అయిదారు, నాడాలు ఒక కట్ట, రబ్బరు రింగులు, స్క్రూలు, ఒక స్టార్ స్క్రూడ్రైవరు, బొమ్మలతో ప్రింటు తీసి ల్యామినేషన్ చేసిన ఒక కాగితం. సర్క్యూటు ఫైళ్ళు, ప్రోగ్రాం కోడు అందరికీ దొరికేలా పెట్టండి, ఆ లింకు క్యూఆర్ కోడుని బ్యాండ్ వెనక స్టిక్కర్ వేయకుండా కేసులోనే అచ్చు పోయండి, స్టిక్కర్లు మొదటి వారం చెమటకే ఊడిపోతాయి. బ్యాటరీ తయారీ నెల, ఏడాది కూడా కేసు లోపల రాయండి, రెండేళ్ళ తర్వాత తెరిచే సెల్ షాపు అబ్బాయికి మొదట కావాల్సింది అదే.